పుంటికూరలో దొరికిన గుమ్మడికాయ

ఉద్యోగం దొరికిన కొత్తలో మనిషికి తెలియని విద్య అంటూ ఉండదు. నాకైతే ఆ కాలంలో వ్యవసాయం కూడా తెలుసనిపించేది. అప్పుడు నేను కోరుట్లలో ఒక ఎరువుల దుకాణంలో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టేవాణ్ణి. డిగ్రీ చేతికొచ్చి, పెళ్లి మాట ఇంకా ఎవరూ ఎత్తక, నెల తిరిగితే జీతం అనేది ఒకటి వస్తుందన్న ధీమాతో తల కొంచెం పైకెత్తి నడిచే రోజులు. దుకాణానికి వచ్చే రైతులు నా ముందు ఎండిన ఆకు ఒకటి పెట్టి, "సార్, గిదేం రోగం? ఏం మందు కొట్టాలె?" అని అడిగేవారు. నేను ఆ ఆకును వెలుతురుకు ఎత్తిపట్టి, ఇటు తిప్పి అటు తిప్పి, కనుబొమలు ముడిచి, లోపల కూర్చున్న సేటు వైపు చూసేవాణ్ణి. సేటు ఏ డబ్బా వైపు గడ్డం ఎగరేస్తే ఆ డబ్బా తీసి, దాని మీద రాసింది గంభీరంగా చదివి వినిపించేవాణ్ణి. (చదవడం మాత్రం బాగా చదివేవాణ్ణి. చిన్నప్పుడు చర్చిలో వాక్యం చదివిన గొంతు.) కొన్నాళ్లకు "గా సారుకు మస్తు తెలుసు" అని పేరొచ్చింది. ఆ పేరును రైతులకంటే ముందు నేను నమ్మాను.

నిజానికి నేను హాస్టల్లో పెరిగినవాణ్ణి. మాది చందుర్తి దగ్గర చిన్న పల్లె. మా తాతలు, వాళ్ల తాతలు ఊళ్లో అందరి పొలాల్లోనూ పని చేశారు, ఒక్క తమ పొలంలో తప్ప. అది లేదు కనుక. నాన్న సిరిసిల్లలో సాంచెల మీద పనికి పోయి వారానికోసారి ఇంటికి వచ్చేవాడు (మరమగ్గాలను మా దిక్కు సాంచెలంటాం). అవ్వ ఊళ్లోనే నాట్లకూ, కలుపులకూ, పత్తి ఏరడానికీ పోయేది. (మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. ఈ కథలో అవ్వ అన్నచోటల్లా నన్ను కన్నతల్లేనని గుర్తుపెట్టుకోండి.) నా చేతికి మట్టి అంటకూడదని మా అవ్వ పట్టుబట్టి చిన్నప్పుడే నన్ను హాస్టల్లో వేయించింది. అంటలేదు. గుమ్మడికాయతో నాకున్న పరిచయమల్లా హాస్టల్ సాంబారులో ముక్కగా మాత్రమే.

కోరుట్లలో నేను కిరాయికి ఉన్న ఇల్లు నిజానికి ఇల్లు కాదు, వరుసగా కట్టిన గదులు. దాని ఓనరు భూమి కొలిచే శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన జేబులో ఎప్పుడూ ఒక ఇనుప టేపు ఉండేది. కిరాయిదార్లు కొత్త మంచం తెచ్చినా అది గదిలో ఎంత జాగ తింటుందో కొలిచి చెప్పందే ఆయనకు నిద్రపట్టేది కాదు. అందుకని మేమంతా ఆయన్ను టేపు సార్ అనేవాళ్లం, ఆయన లేనప్పుడు. గదుల వెనక ముళ్లకంప పెరిగిన ఖాళీ జాగ ఒకటుండేది. అది సర్కారు తుమ్మలకు ఎందుకు పోవాలని ఆలోచించి, టేపు సార్ దాన్ని శుభ్రం చేయించి, గదికి ఒకటి చొప్పున మడులుగా కొలిచి, మధ్యలో సుతిలి తాడు కట్టి మాకు పంచాడు. "ఎవల మడిల ఏం పెట్టుకుంటరో మీ ఇష్టం. కానీ ఒక్క మాట. ఎవల మడిల కాసింది వాళ్లదే. తీగ నాది, కొమ్మ నాదని నా దగ్గరకు పంచాయితీకి రావద్దు" అన్నాడు. ఆ మాట అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. నేనైతే అసలే వినలేదు, నా మడిలో ఎన్ని రకాలు పండించాలా అని లెక్కలు వేసుకుంటున్నాను.

నా పక్క మడి బీడీల అక్కది. ఆమె పొద్దంతా గడప ముందు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే కళ్లూ నోరూ మాత్రం వాడకట్టంతా తిరిగొచ్చేవి. ఆమె తన మడిలో ఒక మూలన పచ్చిమిర్చి వేసి, మిగిలిందంతా పుంటికూర చల్లింది (గోంగూరను మేం పుంటికూర అంటాం). చల్లి మరిచిపోయింది. నేను మాత్రం టమాటా, బెండ, వంకాయ, మెంతి, కొత్తిమీర, ఇంకా సేటు దుకాణంలో ప్యాకెట్ మీద బొమ్మ బాగున్నదల్లా వేశాను. మొలకలు కనబడగానే నేను ఆగలేకపోయాను. దుకాణంలో కిందపడిన యూరియా ఊడ్చిందంతా ఒక సంచిలో తెచ్చి, పసిపిల్లలకు పాలు పట్టినంత ప్రేమగా ప్రతి మొక్క మొదట్లో పోశాను. తెల్లారేసరికి నా మడి కాల్చిన పాపడంలా అయింది. అక్క తొంగిచూసి, "తమ్మీ, ఏం పెట్టినవ్ వాటికి?" అంది. "బలం మందు అక్క" అన్నాను. "బలం ఎక్కువై సచ్చినయ్ పాపం" అని చాట దులుపుకుంటూ వెళ్లిపోయింది.

చావగా మిగిలిన టమాటా మొక్కలు ఎలాగో తేరుకుని కాశాయి. అవి ఎర్రబడే సమయానికి కోతులు వచ్చాయి. మా కోరుట్ల కోతులకు పల్లె కోతులకున్న సిగ్గు లేదు, తలుపు తట్టి వచ్చే రకం. ఒక్కో కాయా కొరికి, పులుపు తగలగానే నా వైపు కోపంగా చూసి పారేసేవి. కొండెంగ (కొండముచ్చు) బొమ్మ ఫ్లెక్సీ పెడితే కోతులు రావని ఎవరో చెబితే, జగిత్యాలకు స్టాకు తేవడానికి పోయినప్పుడు అక్కడ ఒక మనిషంత కొండెంగను అచ్చువేయించి తెచ్చి వెనక గోడకు కట్టాను. మర్నాడు పొద్దున చూద్దును కదా, ఒక పెద్ద కోతి ఆ ఫ్లెక్సీ నీడన కూర్చుని నా వంకాయ తింటోంది. దాని పిల్లలు ఆ కొండెంగ తోక పట్టుకుని లాగుతున్నాయి. ఆ బొమ్మకు భయపడింది ఒక్క టేపు సారే. ఆ పొద్దు చీకట్లో చెంబు పట్టుకుని వెనక్కి వచ్చి, దాన్ని చూసి, చెంబు అక్కడే వదిలేసి పరిగెత్తాడట. "ఏం పిలగా, కోతులకు పెట్టినవా, నాకు పెట్టినవా?" అని ఆ తరువాత చాలా రోజులు అడిగాడు.

ఇంతటితో ఆపేద్దును. కానీ అప్పుడే అవ్వ వచ్చింది. తొలకరి పడ్డాక, నాట్లు ఇంకా మొదలుకాని తీరిక రోజుల్లో, కొడుకు ఎట్లా వండుకుని తింటున్నాడో చూడ్డానికి చందుర్తిలో బస్సెక్కి వచ్చింది. నేను గొప్పగా వెనక్కి తీసుకుపోయి, "అవ్వా, గిది మన మడి" అని చూపించాను. ఆమె చెప్పులు విడిచి మడి గట్టు మీద నిలబడింది. నిలబడే ఉంది. ఎంతకూ కిందికి దిగదు. "ఏమైందే?" అంటే, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంటూ నా మొహంలోకి చూసి, "ఏం జెయ్యమంటవ్ కొడుకా?" అని అడిగింది. నాకు ముందు నవ్వొచ్చింది. తరువాత రాలేదు. ఊళ్లో నాటేయమంటే ఎవరూ ఆమెకు సాటిరారు. కానీ ఎక్కడ ఏం వేయాలో ఆమెను అంతవరకూ ఎవరూ అడగలేదు. ప్రతి గట్టు మీదా ఎవరో ఒకరు చెబితేనే ఆమె దిగింది. "నీ ఇష్టమే అవ్వా, నీకేది ఇష్టముంటే అది పెట్టు" అన్నాను. ఆమె చాలాసేపు ఆలోచించి, కొంగు ముడి విప్పి గుమ్మడి గింజలు తీసింది. (అంటే బస్సెక్కేముందే ఆలోచించుకుని వచ్చిందన్నమాట.) పూడ్చి, మట్టి చదును చేసి, చేయి కడుక్కోకుండా కాసేపు అలాగే చూసుకుంది.

ఆ గుమ్మడి ఎందుకో చెప్పాలి. మా ఊరి చర్చిలో వరికోతల వేళకు కోత పండుగ చేస్తారు. ఎవరి పంటలో తొలి భాగం వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. కంకులు, వడ్లు, సొరకాయలు, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. తెచ్చేటప్పుడు సంఘ పెద్ద ఒక్కొక్కటీ పైకెత్తి, "ఫలానా వాళ్ల చేన్లది" అని అందరికీ వినపడేలా చెబుతాడు. మాకు చేను లేదు. మా అవ్వ ప్రతి ఏడూ అంగట్లో కొన్న కూరగాయలో, పనిచేసిన రైతు దయతో ఇచ్చిన కంకులో పట్టుకుపోయేది. పెద్దాయన మంచివాడే, మా వంతు వచ్చేసరికి "వంకాయలు" అని మాత్రం చెప్పి పక్కన పెట్టేవాడు. అందులో తప్పేమీ లేదు, మాలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. కానీ ఆ "చేన్లది" అన్న మాట దగ్గర మా అవ్వ తల వంచుకోవడం చిన్నప్పటి నుంచీ చూశాను. "ఒక్క ఏడన్న మన సొంతది పట్కపోవాలె కొడుకా" అంది ఆ రోజు, చేతి మట్టి చూసుకుంటూ. అప్పటినుంచి ఆ మడి నాకు ఆట కాకుండా పోయింది.

గుమ్మడి తీగ మాత్రం మొలకెత్తిన నాటి నుంచీ నన్ను లెక్కచేయలేదు. (ఈసారి యూరియా వైపు పోలేదు. నీళ్లు మాత్రమే, అదీ చెంబుతో.) వానాకాలం నడుమకొచ్చేసరికి అది నా మడి దాటి, సుతిలి తాడు దాటి, కొండెంగ ఫ్లెక్సీ ఎక్కి, దాని మొహం మొత్తం కప్పేసింది. టేపు సార్ ఊపిరి పీల్చుకున్నాడు. నేను ఫోన్లో అవ్వకు రోజూ తీగ ఎక్కడిదాకా పోయిందో చెప్పేవాణ్ణి. పువ్వులు మొదలైన రోజు చెప్పగానే ఆమె ఫోను పెట్టేసి ఊరంతా తిరిగొచ్చింది. "ఈ ఏడు మా కొడుకు చేన్ల గుమ్మడికాయ" అని సంఘ పెద్దకు కూడా చెప్పిందట. చేను! నా మడిలో రెండు మంచాలు వేస్తే మూడోదానికి జాగ లేదు. "అవ్వా, కాయ పడలేదింకా" అంటే, "పువ్వచ్చినంక కాయ రాదా?" అంది. రాకపోవడమేమిటని నేనూ ధైర్యంగా ఉన్నాను.

అప్పుడు బతుకమ్మ పండుగ వచ్చింది. బతుకమ్మకు తంగేడు, గునుగు, బంతి ఎన్ని పేర్చినా, తాంబాలంలో అడుగున పరచడానికి గుమ్మడి ఆకులు కావాలి, పైన గౌరమ్మను నిలపడానికి గుమ్మడి పువ్వు కావాలి. అంటే వాడకట్టు ఆడవాళ్లందరికీ కావలసిన అడుగూ నెత్తీ రెండూ నా మడిలోనే ఉన్నాయి. ఎంగిలిపూల నాడు, అంటే పండుగ తొలి రోజు, పొద్దున్నే మొదటి తలుపు చప్పుడు. "తమ్మీ, ఒక్క పువ్వు." మా ఇంట్లో బతుకమ్మ ఆడరు, నిజమే. కానీ బతుకమ్మకు పువ్వు అడిగితే లేదనే నోరు మా దిక్కు ఏ ఇంట్లోనూ ఉండదు. అలాగని ఉన్నవన్నీ ఇస్తే అవ్వ కాయ సంగతేమిటి? నేను ఎరువుల దుకాణం తెలివంతా ఉపయోగించి తీగను పరీక్షించాను. అప్పుడు ఒక విషయం కనిపెట్టాను. ఎక్కువ పువ్వులు సన్నని కాడ మీద నిటారుగా, ఆరోగ్యంగా నిలబడి ఉన్నాయి. కొన్నిటికి మాత్రం పువ్వు కింద ఒక గుండ్రటి గడ్డ. వాపు. తెగులు! పురుగు లోపల గుడ్లు పెట్టి ఉంటుంది. ఆలస్యం చేస్తే తీగంతా పాకుతుంది. నా ఆనందానికి అంతులేదు. ఆ గడ్డల పువ్వులు తెంపి ఆడవాళ్లకు ఇచ్చేస్తే, రోగమూ పోతుంది, పుణ్యమూ వస్తుంది, మంచి పువ్వులన్నీ అవ్వ కాయలకు మిగులుతాయి.

అలా రోజూ పొద్దున్నే నేనే ముందుగా లేచి, గడ్డ కనబడిన ప్రతి పువ్వునూ వెతికి తెంపి, ఇంత చిరునవ్వుతో పంచాను. ఆడవాళ్లు వాటిని చేతుల్లోకి తీసుకుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. "పిందెతోనే ఇస్తున్నడు సూడు, ఎంత పెద్ద మనసో" అని ఒకామె అన్నది నా చెవిన పడింది కూడా. పిందె అంటే ఏదో పూజ మాట అనుకున్నాను. నా దాతృత్వం వాడకట్టు దాటి అవతలి వీధికి పాకింది. ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా తాంబాలాలతో వచ్చి, "గీ ఇంట్లనేనట గదా" అని అడిగేవారు. ఒక ముసలమ్మ నా తల మీద చెయ్యిపెట్టి, "దేవుడు ఏదైతేంది బిడ్డా, నువ్వు సల్లగుండాలె" అని దీవించింది. దుకాణంలో సేటుకు చెప్పాను, ఇంట్లో తీగకు తెగులొస్తే మందు లేకుండానే తగ్గించానని. సేటు నా వైపు చాలా గౌరవంగా చూశాడు. (ఆయనకు గుమ్మడి తీగతో నాకున్నంతే పరిచయమని తరువాత తెలిసింది.)

సద్దుల బతుకమ్మ నాడు, అంటే పండుగ చివరి రోజు, బీడీల అక్క వచ్చింది. అన్ని రోజులూ ఆమె పుట్టింటికి రుద్రంగి పోయి ఉండి, ఆ పొద్దే తిరిగొచ్చింది. నేను ఆమె కోసం దాచిన పువ్వును అందించాను, కింద నిమ్మకాయంత గడ్డతో. ఆమె తీసుకోలేదు. పువ్వునూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"గిదెందుకు తెంపినవ్ తమ్మీ?"

"రోగమచ్చింది అక్క. గడ్డ లేసింది సూడు. అన్ని ఏరి తీసేసిన."

"అన్ని?"

"ఒక్కటి సుత ఇడువలేదు."

అక్క గడప మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని కంగారుపడ్డాను. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "తమ్మీ, గది రోగం గాదు. గదే గుమ్మడికాయ" అంది. నాకు అర్థం కాలేదు. పక్కనున్న నిటారు పువ్వు ఒకటి తెంపి చూపించింది. "గిది మొగపువ్వు. దీనికి జన్మల కాయ గాయది. దీన్ని ఇస్తరు బతుకమ్మకు. పిందె ఉన్నది ఆడపువ్వు. నువ్వు మొగోళ్లందర్ని ఇంట్ల ఉంచుకొని, ఆడోళ్లందర్ని అత్తగారిండ్లకు తోలినవ్" అంది. ఆ మాట చెప్పి మళ్లీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు బతుకమ్మ ఆట దగ్గర ఆమె ఈ కథ ఎంతమందికి చెప్పిందో నాకు తెలియదు. వీధిలోంచి పోతుంటే ఆటలోంచి ఆడవాళ్ల నవ్వులు నా వెంట కొంతదూరం వచ్చాయి.

నవ్వుకోనీ, దానికి బాధలేదు. అవ్వకు ఏమని చెప్పాలి? పండుగ దాటాక రాత్రులు చల్లబడ్డాయి, తీగ ముదిరి పువ్వులు తగ్గాయి. ఆకులు కూడా సగానికి సగం తాంబాలాల్లోకి పోయాయి. అవ్వ ఫోను చేసి, "ఎంతయింది కాయ?" అని అడిగితే, "అవుతున్నది" అని నీళ్లు నమిలేవాణ్ణి. చివరకు ఒక సాయంత్రం కూరగాయల మార్కెట్‌కు పోయాను, ఒక మంచి గుమ్మడికాయ కొనేసి ఇదే మనదని చెబితే పోతుంది కదా అని. గుండ్రంగా ఉన్నదాన్ని ఒకటి చేతుల్లోకి తీసుకున్నాను. "ఇంటికా, బండికి కొట్టనీకా?" అని అమ్మే ఆమె అడిగింది. "మా అవ్వకు" అన్నాను. అవ్వ ఇన్నేళ్లూ పట్టుకుపోయింది అంగడి కాయే కదా, నేను మళ్లీ అదే పట్టుకుపోవడమేమిటి? కాయను జాగ్రత్తగా దాని కుప్పమీద పెట్టి వచ్చేశాను. ఆ వచ్చే ఆదివారమే కోత పండుగ. కాయ లేదని ఊరికి పోయి మొహమ్మీదే చెబుదామనుకున్నాను.

శనివారం పొద్దున అక్క పప్పులోకి పుంటికూర తెంపడానికి మడిలో దిగింది. ఆమె చల్లి మరిచిపోయిన పుంటికూర అప్పటికి నడుమెత్తు పెరిగి చిన్న అడవిలా ఉంది. లోపలి నుంచి కేక వేసింది. "తమ్మీ, ఇటు రా. నా పుంటికూరల ఎవలదో బిడ్డ పండుకున్నది." పరిగెత్తాను. నా తీగ కొమ్మ ఒకటి నాకు తెలియకుండా సుతిలి తాడు కిందుగా ఆమె మడిలోకి దూరి, కొమ్మల నీడలో, కోతుల కంటా, బతుకమ్మ ఆడవాళ్ల కంటా, అన్నిటికంటే ముఖ్యంగా నా కంటా పడకుండా ఒక కాయను కన్నది. రెండు చేతులా పట్టేంత కాయ. ఒక పక్క పసుపు తిరిగింది. నేను అక్కడే మట్టిలో చతికిలబడ్డాను.

మా కేకలకు టేపు సార్ వచ్చాడు. కాయను చూశాడు, సుతిలి తాడును చూశాడు, జేబులోంచి టేపు తీశాడు. తాడు నుంచి కాయ దాకా కొలిచి, నిట్టూర్చి, "పిలగా, కాయ ఆమె మడిల మూరెడు లోపట ఉన్నది. నేను ముందే చెప్పిన" అన్నాడు. అక్షరాలా చెప్పాడు. నేను వినలేదంతే. నేను అక్క మొహం చూశాను. అక్క నా మొహం చూడలేదు, అప్పుడే మోగిన నా ఫోను చూసింది. అవ్వ. నేను తీసి, ఇక దాచలేక ఉన్నదంతా చెప్పేశాను. గడ్డల సంగతి, పువ్వుల సంగతి, ఒక్క కాయ మిగిలిన సంగతి, అది పక్క మడిలో ఉన్న సంగతి. అవ్వ అంతా విన్నది. తరువాత, "మంది జాగల కాసింది మనదని దేవుని ముంగట ఎట్ల చెప్త కొడుకా? వద్దు. ఆమెదే ఆమెకు ఇయ్యి" అంది నెమ్మదిగా. అక్క నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఓ పెద్దవ్వా, నేను పక్కింటామెను. గింజ నీది, తీగ నీది. నా ఇంట్ల పెరిగింది, గంతే. పెరిగిన పిల్లను తల్లిగారింటికి పంపుతున్న, కాదంటవా?"

అవ్వ ఏమందో నాకు వినపడలేదు. అక్క మాత్రం నవ్వి, "ఏం ఇయ్యద్దు. అచ్చే బతుకమ్మకు మొగపువ్వులు ఇయ్యమను నీ కొడుకును, చాలు" అంది. టేపు సార్ టేపును చప్పుడు చేయకుండా జేబులో వేసుకుని, "ఇద్దరికి రాజీ అయితే నాకేం లేదు" అంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కోరుట్లలో బస్సెక్కాను, కాయను ఒళ్లో పెట్టుకుని. రుద్రంగి దాకా నిలబడడానికి కూడా జాగ లేదు. కండక్టరు నా దగ్గరకొచ్చి, "దీనికి టికెట్ తీస్కున్నవా?" అన్నాడు. "ఒళ్లె ఉన్నది గదా అన్నా" అన్నాను. "ఒళ్లె ఉన్నోళ్లకు అయిదేండ్లు దాటలేదు గదా?" అని నవ్వుకుంటూ పోయాడు. గుంటలు వచ్చినప్పుడల్లా దానిమీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టాను. చందుర్తి స్టాండులో అవ్వ కొంగు బిగించి నిలబడి ఉంది. నా మొహం వైపు చూడనే లేదు, నేరుగా కాయను అందుకుంది. ఇంటికి తెచ్చి, కడిగి, నాన్న సిరిసిల్ల నుంచి తెచ్చిన కొత్త తువ్వాలలో చుట్టి తన పక్కలోనే పెట్టుకుని పడుకుంది.

పొద్దున చర్చిలో మగవాళ్లం ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. ఒక్కొక్కరే బల్ల దగ్గరకు పోతున్నారు. అవ్వ వంతు వచ్చింది. పెద్దాయన కాయ పైకెత్తి, అవ్వ చెప్పింది ముందే విన్నాడు కాబట్టి, "ఎవల చేన్లదమ్మ?" అని కావాలనే అడిగాడు. ఒక్క మాట చెబితే చాలు. మా అవ్వ అబద్ధం ఆడలేని మనిషి. "చేను గాదు అయ్యా. కోరుట్లల కిరాయింటెన్క జాగ. సారుదా జాగ. తీగ మా పిలగానిది. కాసింది పక్కామె పుంటికూరల. ఆమె ఇచ్చింది. గింజ మాత్రం నేనే పెట్టిన" అని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. చర్చంతా ఘొల్లుమంది. పాస్టరయ్య కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నాడు. పెద్దాయన నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా నిలబడి, కాయను ఇంకొంచెం పైకెత్తి, ఆమె పేరు పెట్టి, "ఈమె సొంత పంట" అన్నాడు. అవ్వ తల వంచుకోలేదు. నేనే వంచుకున్నాను, కళ్లు తుడుచుకోవడానికి.

ఆ తరువాత వేలం. అసలు తెలివితక్కువ పని అప్పుడే చేశాను. ఆ కాయ వేరే ఎవరి ఇంటికో పోయి కూరైపోవడం నాకు నచ్చలేదు. పాడి గెలిచి, అవ్వ ఒళ్లో పెట్టి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. తలుపు దగ్గర మగవాళ్ల గుంపు వెనక నిలబడి చేయెత్తాను. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో పెంచారు. స్తంభం అడ్డంగా ఉంది, ఎవరో కనబడలేదు. నేను పెంచాను. అటునుంచీ పెంచారు. ఎవరీమె, మా కాయ మీద ఇంత పంతం ఏమిటి అని నాకు రోషం వచ్చింది. పెద్దాయన అటు ఒకసారి, ఇటు ఒకసారి చూస్తూ, మీసం కింద నవ్వు దాచుకుంటూ, ఒక్క మాట చెప్పకుండా పాట సాగిస్తున్నాడు. మిగతావాళ్లు ఎప్పుడో ఆగిపోయి మమ్మల్నే చూస్తున్నారు. పాట నా జీతంలో మంచి ముక్కను కొరికేదాకా పోయింది. చివరకు అటువైపు చెయ్యి దిగింది, కాయ నాకొచ్చింది. విజయగర్వంతో ముందుకు పోయి కాయ అందుకుని తిరిగి చూస్తే, స్తంభం పక్కన మా అవ్వ, ఎత్తిన చెయ్యి ఇంకా పూర్తిగా దించకుండా, నోరు తెరిచి నా వైపే చూస్తోంది.

కాయను ఇంటికి మోసుకొచ్చాను. గడప దాటాక అడిగాను. "అవ్వా, ఇచ్చినంక దేవునిది, దాని దిక్కు సూడద్దని నువ్వే అంటవ్ గదనే. ఎందుకు పాడినవ్?"

"కొననీకె పాడలే కొడుకా. మన కాయ అగ్గువకు పోవద్దని పాడిన" అంది (అగ్గువంటే చవక).

నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఆమె కూలి ఎంతో అవతలివాళ్లే చెప్పారు. ఒక్క ఆ గుమ్మడికాయ ధర మాత్రం ఆమె చెప్పింది. మధ్యలో నేను పోయి అడ్డం తగిలాను, అంతే.

ఇప్పుడు మేమంతా జగిత్యాలలో ఉంటున్నాం. ఇంటి వెనక మాకే ఒక చిన్న జాగ ఉంది, సుతిలి తాడు లేనిది. ఏం పెట్టాలో అవ్వే చెబుతుంది, నేను దిగుతాను. బతుకమ్మకు ఆడవాళ్లు వస్తే, ఏది మొగపువ్వో ఏది పిందెదో వాళ్లకు వివరంగా చెప్పి మరీ ఇస్తాను. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతిని వాళ్లు ఓపిగ్గా వింటారు. బీడీల అక్కకు ప్రతి ఏడూ కాయ ఒకటి కోరుట్ల బస్సులో పోతుంది. అవ్వా నేనూ కోత పండుగకు ఊరికి పోయి, చెరో పక్క కూర్చుని, తెలిసి తెలిసి ఒకరి మీద ఒకరం పాడతాం. మా కాయ పైకెత్తగానే పెద్దాయన ఇంకెవరినీ చూడడు. పోయిన ఏడు నాకు ఇంటి ఖర్చులు గుర్తొచ్చి రెండో పాటకే చేయి దించేశాను. కాయ అవ్వకు దక్కింది. సంతోషిస్తుందనుకున్నాను. దారి పొడుగునా మొహం ముడుచుకుని, బస్సెక్కాక ఇక ఆగలేక, ఒళ్లో కాయను సర్దుకుంటూ అంది:

"ఎందుకాపినవ్ కొడుకా? మన కాయ విలువ గంతేనా?"